ఫణిగిరి తోరణానికి రంగు ఉండేదా?

2023 జూలైలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి భారతీయ బౌద్ధ శిల్పాలతో ‘ట్రీ అండ్ సర్పెంట్’ అనే పెద్ద ప్రదర్శన మొదలైంది. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి గుట్ట నుంచి వెళ్ళిన సున్నపురాతి తోరణ శకలాలు అందులో కొలువుదీరాయి. అంతకు నాలుగు నెలల ముందే, మార్చి నెలాఖరున, అదే భవనంలో ‘క్రోమా’ అనే మరో ప్రదర్శన ముగిసింది. గ్రీకు, రోమన్ పాలరాతి విగ్రహాలకు ఒకప్పుడు ఏ రంగులుండేవో పరిశోధించి చేసిన నమూనాలను అందులో అసలు విగ్రహాల మధ్యే నిలబెట్టారు. క్రీ.పూ. 530 ప్రాంతపు సమాధి స్తంభం మీది స్ఫింక్స్‌ను ఫోన్ తెరలో రంగులతో సహా చూసే ఏర్పాటూ చేశారు.

ఫణిగిరి రాళ్ళు మాత్రం తమ పాలిపోయిన సహజ వన్నెతోనే నిలిచాయి. అందులో తప్పేమీ లేదు. ఆధారం లేకుండా రంగు వేయడం కంటే రాయిని రాయిగా చూపించడమే నిజాయితీ. అయితే ప్రశ్న మిగిలే ఉంది. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఆ గుట్ట మెట్లెక్కి వచ్చిన భిక్షువుకు, బేహారికి, రైతుకు ఆ తోరణం ఈ వన్నెలోనే కనిపించిందా? కాదంటే ఎలా ఉండేది? కంప్యూటర్ తెర మీద ఆ రూపాన్ని తిరిగి నిలబెట్టడం సాధ్యమేనా? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ ఉన్న శిల్ప సంపదను ఎదురుగా పెట్టుకుని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం పని.

ముందుగా ప్రపంచంలో జరిగిన కథ. ప్రాచీన గ్రీకు శిల్పమంటే తెల్లని పాలరాయి అనే అభిరుచికి పునాది వేసినవారిలో జర్మన్ పండితుడు వింకెల్‌మన్ ముఖ్యుడు. ఆయన కళాచరిత్ర గ్రంథం 1764లో వచ్చింది. విగ్రహాల మీద రంగు జాడలు తవ్వకాల్లో కనిపిస్తూనే ఉన్నా తెలుపు మీది మోజు తగ్గలేదు. ఆ మోజు ఎంత దూరం పోయిందంటే, 1937–38లో బ్రిటిష్ మ్యూజియంలో పార్థెనాన్ శిల్పాలను మరింత తెల్లగా చేయడానికి లోహపు పనిముట్లతో గీకారు. రాతి పైపొరతో పాటు పోయిందేమిటో ఇక ఎవరూ చెప్పలేరు. మన హైదరాబాద్‌లోనూ ఆ అభిరుచికి లోటు లేదు. సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళినవాళ్ళెవరూ బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెకా ముందు ఆగకుండా రారు. ఆ తెలుపే శిల్పకళకు పరాకాష్ఠ అని మన కళ్ళకు ఎప్పుడో అలవాటైపోయింది.

ఈ అలవాటుకు ఎదురు నిలిచినవారిలో విన్‌సెంజ్ బ్రింక్‌మన్, ఉల్రికె కోచ్-బ్రింక్‌మన్ దంపతుల పేర్లు ముందు చెప్పాలి. రాతి మీద పక్కవాటుగా దీపం వేస్తే రంగు కాపాడిన చోట ఉపరితలం కాస్త ఎత్తుగా, రంగు ముందే రాలిపోయిన చోట వానకు అరిగి పల్లంగా కనిపిస్తుంది. ఆ ఎత్తుపల్లాల్లోంచి, అతినీలలోహిత కాంతిలో తీసిన ఫొటోల్లోంచి, మిగిలిన రేణువుల విశ్లేషణలోంచి వాళ్ళు అంగుళం అంగుళం నమూనాలు తయారు చేశారు. 2003లో మ్యూనిక్ గ్లిప్టోథెక్‌లో వాటి ప్రదర్శన మొదలైంది. తరవాత దేశదేశాలు తిరిగింది. ‘క్రోమా’లో ఉన్నవీ ఎక్కువగా వాళ్ళ నమూనాలే.

ఇంకో మేలిమలుపు ఒక నీలి రేణువు వల్ల వచ్చింది. ఈజిప్షియన్ బ్లూ అనేది రాగి, సున్నం, ఇసుక కలిపి కాల్చి చేసిన నీలం. మామూలు వెలుతురు పడితే అది కంటికి కనిపించని పరారుణ కాంతిని వెదజల్లుతుందని గమనించి, దాన్ని ఫొటో తీసే సులువైన పద్ధతిని జొవాన్ని వెర్రి అనే శాస్త్రవేత్త అందించాడు. చీకటి గదిలో ఎర్ర దీపం, పరారుణాన్ని పట్టే కెమెరా ఉంటే చాలు. కంటికి ఒట్టి రాయిగా కనిపించే చోట, ఒక్క రేణువు మిగిలినా, ఫొటోలో తెల్లగా మెరుస్తుంది. రాతిని ముట్టుకోనక్కర్లేదు, గీకనక్కర్లేదు. 2023లో వెర్రి బృందం ప్రచురించిన పరిశోధనలో, అంతగా గీకించుకున్న ఆ పార్థెనాన్ శిల్పాల మీదే ఈ నీలం జాడలు బయటపడ్డాయి.

ఇంతవరకు విన్నవాళ్ళకు సహజంగా ఓ ఆశ పుడుతుంది: అదే కెమెరా ఫణిగిరికి తెస్తే సరిపోదా? సరిపోదు. ప్రాచీన భారతంలో నీలానికి వాడింది వేరు. అజంతాలో అయిదో శతాబ్దపు చిత్రకారులు లాజవర్దం, అంటే అఫ్గానిస్తాన్ వైపు నుంచి వచ్చిన నీలిరాయి పొడి వాడారు. మామూలు నీలానికి నీలిమందు చెట్టు ఉండనే ఉంది. ఈ రెండూ ఆ ఎర్ర దీపం కింద మెరవవు. నీలిమందును పట్టాలంటే పరారుణ ఫొటోను మామూలు రంగు ఫొటోతో కలిపి చూసే పద్ధతి కావాలి. అందులో అది నీలంగా కాక ఎర్రగా తేలుతుంది. మనవాళ్ళ రంగుల పెట్టె వేరు కాబట్టి మన పద్ధతీ వేరుగా ఉండాలి.

ఆ పెట్టెలో ఏమున్నాయో కొంత తెలుసు. అజంతాలో జాజు, పసుపు మట్టి, దీపపు మసి, సున్నం, తెల్లమట్టి, ఆకుపచ్చ మట్టి ప్రధానం. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దం మొదటి సగంలో రాయించిన మానసోల్లాసం చిత్రకళకు ఒక ప్రకరణమే కేటాయించింది. శంఖపు పొడి తెలుపు, ఇంగిలీకం, లక్క రసం, జేగురు ఎరుపులు, హరిదళం పసుపు, కాటుక నలుపు అందులో వస్తాయి. దున్నపోతు తోలును ఉడకబెట్టి తీసిన వజ్రలేపం రంగుకు బంక. తెలంగాణ నేల ఆ రోజుల్లో ఈ చాళుక్యుల ఏలుబడిలోనే ఉండేది. నల్లగొండ పక్కన పానగల్లు కందూరు చోడుల రాజధాని. అందువల్ల మన ప్రాంతపు కాకతీయ కాలపు రంగుల గురించి మాట్లాడేటప్పుడు మానసోల్లాసం పొరుగింటి సాక్ష్యమే. ఇక చేర్యాల నకాషీ చిత్రకారుల ఇళ్ళలో చింతగింజల గుజ్జు, సుద్ద, తిరుమణి బంక ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. గ్రంథంలోని మాటకు చేతిలోని పనితనం ఎలా తోడవుతుందో తెలుసుకోవాలంటే ప్రయోగశాలవాళ్ళు వాళ్ళ ముంగిట కూర్చోవాలి.

ఇప్పుడు గుట్ట ఎక్కుదాం. సూర్యాపేట నుంచి జనగామ దారిలో అర్వపల్లి దాటి పోతే ఫణిగిరి. నిజాం పాలనలో 1941–44 మధ్య ఖాజా మహమ్మద్ అహ్మద్ ఇక్కడ మొదట తవ్వించారు. 2001 నుంచి పురావస్తు శాఖ మళ్ళీ తవ్వకాలు చేపట్టాక మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాలు, శిలాఫలకాలు, నాణేలు ఒక్కటొక్కటే బయటికొచ్చాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో రాజవైద్యుడొకరు ధర్మచక్ర స్తంభం నిలిపించిన శాసనం ఇక్కడిదే. తోరణపు దూలాల మీద బుద్ధుడి జీవిత ఘట్టాలు చెక్కారు. మహాభినిష్క్రమణం ఉంది: సిద్ధార్థుడు ఇల్లు విడిచిన రాత్రి, కంథక అశ్వం, చుట్టూ దేవగణం. ఆయన తీసేసిన తలపాగాను దేవతలు పూజించే ఘట్టమూ ఉంది.

ఆ దూలాన్ని దగ్గరగా చూస్తే రంగు ప్రశ్న ఎందుకు తప్పదో అర్థమవుతుంది. జానెడు మందం రాతిలో మనిషి వెనక మనిషి, వాడి వెనక ఇంకొకడు. చేతులు ఒకదాని మీదుగా ఒకటి పోతాయి. తలపాగాల మడతలు, చెవి కమ్మలు, పంచె కుచ్చిళ్ళు గోరంత లోతులో చెక్కారు. మ్యూజియంలో పక్కవాటు దీపం కింద ఇవన్నీ విడివిడిగా తెలుస్తాయి. కానీ ఇవి కళ్ళెదుట పెట్టుకుని చూడటానికి చెక్కినవి కావు. తోరణం పైన, తలెత్తి చూడాల్సిన ఎత్తులో ఉండేవి. మన ఎండలో, మిట్టమధ్యాహ్నం, లేతరంగు సున్నపురాయి మీద అంత సన్నటి చెక్కడం కిందినుంచి చూసేవాడికి దాదాపు చదునుగా కనబడుతుంది. చెక్కినవాడికి ఆ సంగతి తెలియకుండా ఉండదు. గుర్రాన్ని మనిషి నుంచి, మనిషిని నేపథ్యం నుంచి విడదీసే సాధనం ఏదో ఉండి ఉండాలని, అది పలచటి సున్నపు పూత, దాని మీద రంగు కావచ్చని నా ఊహ. ఇది కళ్ళు చెప్పే ఊహ మాత్రమే. రుజువు రేణువు చెప్పాలి.

రుజువు దొరికే అవకాశం సున్నపురాతి కన్నా గచ్చులో ఎక్కువ. ఫణిగిరిలోనే దొరికిన, మనిషి నిలువెత్తు గచ్చు బోధిసత్వుడి విగ్రహం 2019లో వార్తలకెక్కింది. ఎత్తు సుమారు 1.73 మీటర్లు. లోపల ఇటుక, మీద డంగుసున్నపు గచ్చు. గచ్చుతో ఇంత పెద్ద విగ్రహం మన దేశంలో మరొకటి లేదని అప్పట్లో అన్నారు. ఇలాంటి బొమ్మకు ఒట్టి సున్నం తెలుపు సరిపోయేదని నేననుకోను. తక్షశిల నుంచి హడ్డా దాకా గాంధార గచ్చు బొమ్మల మీద పెదవుల ఎరుపు, జుట్టు నలుపు, బట్టల అంచుల జాజు రంగు నేటికీ కనిపిస్తాయి. నాగార్జునకొండలో 1927–31 మధ్య తవ్విన లాంగ్‌హర్స్ట్ అక్కడి ఇటుక స్తూపాలకు మెత్తటి సున్నపు పూత, దాని మీద గచ్చు అలంకారాలు ఉండేవని రాశాడు. ఇటుక, సున్నం, గచ్చు అన్న ఈ పనితనం కృష్ణ రెండు గట్ల మీదా ఒకటే. కోదాడ నుంచి ఖమ్మం పోయే దారిలో నేలకొండపల్లి ఇటుక స్తూపానికీ ఇదే మాట వర్తిస్తుంది.

రాయి సంగతీ చెప్పాలి. ఫణిగిరి, నాగార్జునకొండ, అమరావతి శిల్పులకు ప్రాణమైన ఈ లేత సున్నపురాయి పల్నాటి పొరల్లోది. ఇవాళ అదే పొరలను ఇటు కోదాడ దిక్కు మేళ్ళచెరువులో, అటు మిర్యాలగూడ దిక్కు వాడపల్లిలో సిమెంటు కోసం తవ్వుతున్నారు. ఈ రాయి భూమిలో ఉన్నంతకాలం దాని మీద సున్నపు ఉప్పు పొర కడుతుంది. ఆ పొర కిందే రంగు దాగి ఉండొచ్చు. రాయిని బయటికి తీసి యాసిడ్ నీళ్ళతో, గట్టి బ్రష్‌తో కడిగినప్పుడు పోయేదీ ఆ పొరే. ఎర్రగా కనిపించిందల్లా జాజు కాదని కూడా గుర్తుంచుకోవాలి. మన ఎర్ర చెలక మట్టిలోనూ అదే ఇనుము ఉంది. శిల్పం మీది మరకతో పాటు అది పడి ఉన్న చోటి మట్టినీ పరీక్షిస్తేనే తేడా తేలుతుంది.

ఒక ఎరుపు గురించి మాత్రం ఫణిగిరి ప్రత్యేకంగా ఆలోచింపజేస్తుంది. 2024లో ఇక్కడ ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి; ఒక వైపు ఏనుగు, రెండో వైపు ఉజ్జయిని గుర్తు. సీసాన్ని గాలి తగిలేలా వేడిచేస్తూ పోతే వచ్చేదే సింధూరం. సీసం ఇంత విరివిగా చెలామణీ అయిన చోట సీసపు సింధూరం తెలియదనుకోవడం కష్టం. అయితే సింధూరానికి ఓ గుణం ఉంది. వెలుతురుకు, తేమకు కొన్నేళ్ళలో నల్లబడుతుంది. అందుకని రేపు ఒక గచ్చు ముక్క మీద నల్ల మచ్చ కనబడితే దాన్ని మసి అని తోసేయకుండా ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరికరం కింద పెట్టాలి. చేతిలో ఇమిడే ఈ యంత్రం సీసాన్ని, పాదరసాన్ని, ఆర్సెనిక్‌ను క్షణాల్లో చెబుతుంది. పాదరసం ఉంటే ఇంగిలీకం, ఆర్సెనిక్ ఉంటే హరిదళం. లక్క, నీలిమందు, పసుపుకొమ్ము వంటివి మాత్రం దానికి అంతుపట్టవు. అవి చెట్టూ పురుగూ ఇచ్చినవి. వాటికి వేరే పరీక్షలు కావాలి. యంత్రం చెప్పలేదు కాబట్టి రంగు లేదనుకోవడం ఈ రంగంలో పెద్ద పొరపాటు.

ఇక కాకతీయుల కాలానికి వస్తే లెక్క మారుతుంది. సూర్యాపేట పొలిమేరలోని పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్ళున్నాయి. నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం 1202 నాటిది, ఎరకసాని పేరిట వెలసిన ఎరకేశ్వరాలయం 1208 నాటిది. నామేశ్వరాలయ మండపంలో పైభాగాన అమృతమథన చిత్రపు ఆనవాళ్ళు ఉన్నాయి. కాకతీయ యుగపు చిత్రాలు మనకు మిగిలింది బహు కొద్ది. అందుకే ఆ మసకబారిన గీతలు నాకు ఏ బంగారు గోపురం కన్నా విలువైనవి. ఓరుగల్లులో మాచల్దేవి చిత్రశాలను క్రీడాభిరామం వర్ణించింది. ఆ కావ్యం చెప్పే చిత్రశాలకు గోడలు మిగల్లేదు, పిల్లలమర్రికి మిగిలాయి. ఇక్కడ రంగుకు రుజువు వెతకనక్కర్లేదు, ఉన్నదాన్ని కాపాడి చదవాలి. పలు తరంగదైర్ఘ్యాల్లో ఫొటోలు తీసి, పొగ మసి కింద దాగిన రేఖలను తెర మీద పైకి తేవడం ఇవాళ కష్టమైన పనేమీ కాదు.

అదే గుడిలో నున్నగా సానబెట్టిన నల్లరాతి స్తంభాలు కూడా ఉన్నాయి. వాటి దగ్గర నిలబడితే మన రూపం మసగ్గా కనిపిస్తుంది. రామప్పలోని మదనికల సంగతీ అంతే. నెలల తరబడి అరగదీసి అంత నిగ్గు తెచ్చినవాడు దాని మీద సున్నం పూసి రంగు వేస్తాడా? నేను నమ్మను. ఆ నిగ్గే దాని రంగు. ఒకే మండపంలో కప్పుకు చిత్రాలు, స్తంభానికి నల్లని నిగనిగ, బయట గ్రానైటు గోడకు బహుశా సున్నం – ఇలా పలు తీరులు కలిసి ఉండేవి. ‘ప్రాచీన శిల్పాలన్నీ రంగులవే’ అని ఇప్పుడు కొందరు ఉత్సాహంగా చెబుతుంటారు. ‘ప్రాచీన శిల్పాలన్నీ తెల్లనివే’ అన్న పాత మాట ఎంత తొందరపాటో ఇదీ అంతే.

ఇంతకీ ఏ రోజు రంగును తిరిగి తేవాలి? ఈ ప్రశ్నకు బామియాన్ కంటే మంచి పాఠం లేదు. 2001లో తాలిబాన్లు పేల్చేసిన ఆ రెండు బుద్ధ విగ్రహాల ముక్కలను మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరీక్షించి 2011లో ఫలితాలు వెల్లడించింది. విగ్రహాలకు ఒకసారి కాదు, పలుమార్లు రంగులు వేశారు. ముదురు నీలం, గులాబీ, నారింజ పొరలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. చివరి దశలో పెద్ద విగ్రహం ఎర్రగా, చిన్నది తెల్లగా ఉండేదట. మధ్యయుగపు పారసీక సంప్రదాయం వాటిని పిలిచిన తీరుతో ఇది సరిపోయింది. మనకైతే ఈ సంగతి తెలియడానికి బామియాన్ దాకా పోనక్కర్లేదు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్ళకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. గట్టు మీద దేవుళ్ళకు పసుపు, కుంకుమ, సున్నం, జాజు మళ్ళీ మళ్ళీ పడుతూనే ఉంటాయి. ఊరి ఆంజనేయుడికి సింధూరం పొర మీద పొర ఎక్కుతూనే ఉంటుంది. ఆరాధనలో ఉన్న శిల్పానికి రంగు ఒకసారి వేసి వదిలేసేది కాదు, ఏటేటా కొత్తగా చేసే సేవ. అలాంటప్పుడు ఫణిగిరి తోరణానికి ‘అసలు రంగు’ అంటూ ఒకే చిత్రం చూపితే అది సగం నిజం. శిల్పి దింపిన రోజుదా, యాభై ఏళ్ళ తరవాత భక్తులు తిరిగి పూయించినదా, విహారం పాడుబడే ముందుదా అన్నది చెప్పి తీరాలి.

ఐరోపాలోనూ ఇలాంటి వాదం నడుస్తూనే ఉంది. బ్రింక్‌మన్ నమూనాలు మరీ గాఢంగా, బొమ్మల కొట్టులోవాటిలా ఉన్నాయని చాలామంది ముఖం చిట్లించారు. వాళ్ళ అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. రాతిని అంటిపెట్టుకుని మిగిలేది అడుగు పొర మాత్రమే. దాని మీద పలచటి రంగులతో వేసిన నీడలు, నునుపు, మెరుగు ముందే రాలిపోతాయి. అడుగు పొరనే చివరి రూపంగా చూపిస్తే బొమ్మ మొరటుగా వస్తుంది. మిగతా సగం న్యాయం మాత్రం బ్రింక్‌మన్‌ల వైపే ఉంది: మనకు నచ్చలేదన్నది రంగు లేదనడానికి సాక్ష్యం కాదు.

డిజిటల్ పునర్నిర్మాణం ఇక్కడే పనికొస్తుంది. రాతి మీద ఒక్క చుక్క పడకుండా పది రకాలుగా ప్రయత్నించవచ్చు, తప్పయితే చెరిపేయవచ్చు. చేసే క్రమం ఇప్పుడు అందరికీ తెలిసినదే. వందల ఫొటోలు తీసి శిల్పానికి త్రిమితీయ ప్రతిరూపం కట్టడం, దాని మీద ఎక్కడ ఏ రేణువు దొరికిందో గుర్తులు పెట్టడం, సున్నపు పూత వెలుగును ఎలా తిప్పి పంపుతుందో లెక్కగట్టి రంగు పొరలు వేయడం, చివరికి మిట్టమధ్యాహ్నపు ఎండలో, నూనె దీపాల వెలుగులో ఎలా కనిపిస్తుందో చూడటం. హంపి వారసత్వాన్ని డిజిటల్‌గా నమోదు చేసిన కేంద్ర ప్రభుత్వ పరిశోధన పథకంలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పాలుపంచుకుంది. ఖనిజాలు చదవడానికి హైదరాబాద్‌లోనే ఎన్‌జీఆర్‌ఐ ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియానికి సంరక్షణ ప్రయోగశాల ఉంది. పని చేయగలవాళ్ళు సూర్యాపేటకు మూడు గంటల దూరంలోనే ఉన్నారు.

ఇలాంటి పనికి ఒక నియమావళి కూడా ఉంది. 2006లో రూపొంది, 2009లో సవరించిన లండన్ చార్టర్ చెప్పేది సూటిగా ఇది: కంప్యూటర్‌తో గతాన్ని చిత్రించేవాడు ఏది దొరికింది, ఏది ఊహించాను, ఎందుకు ఊహించాను అన్నది చూసేవాడికి తెలిసేలా నమోదు చేయాలి. నా దృష్టిలో మన దగ్గర దీన్ని ఇలా పాటించాలి. రేణువు దొరికిన చోట నిండు రంగు. అదే శిల్పంలో అదే రకం బట్టకో నగకో రుజువు ఉంటే సగం గాఢత. పొరుగు శిల్పాలను బట్టి, గ్రంథాలను బట్టి ఊహించింది చుక్కల్లో. ఏమీ తెలియని చోట రాయిని రాయిగానే వదలాలి. అలా చేస్తే బొమ్మ అతుకుల బొంతలా కనిపిస్తుందని అభ్యంతరం చెప్పేవాళ్ళుంటారు. కనిపించనివ్వండి. చూసేవాడికి అందమైన అబద్ధం కంటే అతుకులున్న నిజం ఎక్కువ నేర్పుతుంది.

కృత్రిమ మేధ వచ్చాక ఈ జాగ్రత్త మరీ అవసరమైంది. ఫణిగిరి ఫలకం ఫొటో ఇచ్చి రంగులు వేయమంటే క్షణంలో వేసి పెడుతుంది. అది వేసే రంగులు ఇక్ష్వాకులవి కావు. అది నేర్చుకున్న లక్షల బొమ్మలవి – క్యాలెండర్ దేవుళ్ళవి, సినిమా కిరీటాలవి. మన కళ్ళు వాటిని ఇట్టే నమ్మేస్తాయి, ఎందుకంటే మన పౌరాణిక ఊహ కూడా వడ్డాది పాపయ్య అట్టబొమ్మల నుంచి, పౌరాణిక సినిమాల నుంచి వచ్చిందే. 1957 నాటి మాయాబజార్‌ను హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగుల్లోకి మార్చి 2010లో విడుదల చేసింది. జనం ఆనందించారు, నేనూ ఆనందించాను. అయితే ఆ నలుపు తెలుపు రీళ్ళలో కనీసం ప్రతి చోటా వెలుగు ఎంతో, నీడ ఎంతో నమోదై ఉంది. రాలిపోయిన గచ్చులో ఆ పాటి సమాచారం కూడా లేదు. శశిరేఖ చీర రంగు తప్పితే ఎవరికీ నష్టం లేదు. ఫణిగిరి బోధిసత్వుడి ఉత్తరీయం రంగు తప్పితే, ఆ తప్పే రేపు పాఠ్యపుస్తకంలోకి, ఎల్లుండి ఇంకో యంత్రం పాఠంలోకి ఎక్కుతుంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం తెర మీద కాదు, గుడిలో ఉంది. ఉత్సవం దగ్గరపడిందంటే పాత శిల్పాల మీద ఎనామిల్ పెయింటు పడే గుళ్ళు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. పాత సున్నం వదిలించాలని ఇసుకను గాలితో కొట్టించిన చోట్లూ ఉన్నాయి. మొదటిది పాత పొరను కప్పేస్తుంది. రెండోది పొరను, దాని కింది ఉలి గుర్తును కలిపి ఊడ్చేస్తుంది. రెండూ భక్తితోనే జరుగుతాయి, అందుకే ఆపడం కష్టం. ఒక చిన్న సంగతి మాత్రం ఆలయ కమిటీలకు చెప్పి చూడవచ్చు. నేటి తెల్ల పెయింట్లలో టైటానియం ఉంటుంది. అది 20వ శతాబ్దానికి ముందు లేదు. పరికరం పెట్టి టైటానియం పొర ఎక్కడ ముగిసిందో తెలుసుకుంటే, దాని కిందున్న సున్నం పొరలు తాతల నాటివి కావచ్చన్న ఆధారం దొరుకుతుంది. తమ గుడి గోడ మీద ఇన్ని తరాల సేవ పొరలు పొరలుగా ఉందని కళ్ళతో చూసినవాళ్ళు దాన్ని గీకించడానికి వెనకాడతారు.

అజంతా అనుభవం కూడా మనదే. నిజాం ప్రభుత్వం గులాం యజ్దానీ ఆధ్వర్యంలో 1920–22లో ఇటలీ నుంచి నిపుణులను రప్పించి చిత్రాలను నిలబెట్టింది. రాలిపోతున్న పొరలను వాళ్ళు కాపాడారు, ఆ మేలు మరవలేం. కానీ పూసిన షెల్లాక్ వార్నిష్ కాలక్రమాన పసుపెక్కి, ముదురు గోధుమ రంగుకు తిరిగి, తరతరాల ప్రేక్షకులకు అజంతా అంటే ఆ రంగే అనిపించింది. కాపాడే చేయి కూడా రంగు మారుస్తుంది. కంప్యూటర్ చేయికీ ఆ శక్తి ఉంది. తేడా ఏమంటే దాని పనిని వెనక్కి తీసుకోవచ్చు.

మిర్యాలగూడ నుంచి సాగర్ వైపు పోతే 274 ఎకరాల్లో బుద్ధవనం కనిపిస్తుంది. 2022 మేలో ప్రారంభమైంది. అమరావతి స్తూపాన్ని తలపించేలా 21 మీటర్ల ఎత్తు మహాస్తూపం కట్టారు. వేలమంది బడిపిల్లలకు బౌద్ధ శిల్పం మొదట పరిచయమయ్యేది ఇక్కడే. ఇది కొత్త కట్టడం. దీని మీద కాంతి వేస్తే ఏ ప్రాచీన రేణువుకూ హాని లేదు. ఫ్రాన్స్‌లో ఆమియాన్ చర్చి ముఖద్వారం మీద రాత్రిపూట కాంతితో పాత రంగులు నిలబెడతారు. మెట్రోపాలిటన్ మ్యూజియమే ఈజిప్టు డెండూర్ గుడి గోడ మీద ఇలా చేసింది. బుద్ధవనంలో ఒక ఫలకం ఎంచుకుని, సంధ్య వేళ పావుగంటసేపు, రుజువైన రంగు ఇది, ఊహించిన రంగు ఇది అని విడివిడిగా చూపించవచ్చు. ఆ పనికి కావాల్సిన రుజువు మాత్రం ఫణిగిరి నుంచి, నాగార్జునకొండ నుంచి, నేలకొండపల్లి నుంచి రావాలి.

రుజువు రావాలంటే మొదలుపెట్టాల్సిన చోటు గోదాముల్లోని గచ్చు పెంకులు. విగ్రహానికి, ఫలకానికి వచ్చిన శ్రద్ధ అరచేతంత గచ్చు ముక్కకు ఎప్పుడూ రాదు. రంగు మిగిలేది ఎక్కువగా వాటి మడతల్లోనే. చైనాలో మట్టి సైనికుల రంగులు నేలలోంచి బయటికి తీసిన నిమిషాల్లోనే ఎండి, చుట్టచుట్టుకుని రాలిపోయేవి. ఆ నష్టం చూశాకే అక్కడి పురావస్తు శాస్త్రవేత్తలు కందకంలోనే తేమ నిలిపి, రసాయనంతో రంగును అంటించడం నేర్చుకున్నారు. ఫణిగిరిలో తవ్వాల్సిన దిబ్బలు ఇంకా ఉన్నాయి. తరవాతి కందకంలో గచ్చు తగిలినప్పుడు దాన్ని నీళ్ళ బకెట్ వైపు తీసుకెళ్ళకూడదు. దాని చుట్టూ ఉన్న మట్టితో సహా, తడి ఆరకుండా పెట్టెలో పెట్టి, పక్కన అదే పొర మట్టి పిడికెడు వేరే సంచిలో కట్టి, ముందు దీపం కిందికి, కెమెరా కిందికి పంపాలి. కడగడం ఆ తరవాతి పని.